కవరు విప్పని ఫ్యాను

తలుపు మూసేశాం. మా గ్లేబ్ ఇటునుంచి బిగించాడు, అమెరికా వెండెల్ అటునుంచి బిగించాడు, బిగించేముందు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, గొడవపడ్డాక మొదటిసారి లిఫ్టులో ఎదురైన పక్కింటివాళ్ళలా తలలూపుకున్నారు, అంతే, ఇక గంటసేపు ఎవరి గాలి వాళ్ళు పీల్చుకోవాలి. భూమి చుట్టూ తిరిగే ఈ గొట్టాల ఇంట్లో సగం మా రష్యా వాళ్ళది, సగం అమెరికా వాళ్ళది, ఇన్నాళ్ళూ వాళ్ళు వదిలిన ఊపిరి మేం పీల్చాం, మేం వదిలింది వాళ్ళు పీల్చారు, ఎవరికీ అసహ్యం వెయ్యలేదు, ఇప్పుడు గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగేసరికి అది ఎవరి ముక్కులోంచి వచ్చిందో తేలాలిట. తేల్చేది మేం కాదు, భూమ్మీద కూర్చుని మమ్మల్ని నడిపే కిందవాళ్ళు. కిందవాళ్ళంటే రెండు రకాలు, మా కిందవాళ్ళు, వాళ్ళ కిందవాళ్ళు, ఇద్దరికీ కాళ్ళకింద నేలుంది, గదికి కిటికీ ఉంది, తెరిస్తే గాలొస్తుంది, అందుకే ఇద్దరూ కూర్చుని తాపీగా ఆలోచించి ఈ పరీక్ష కనిపెట్టారు, మధ్య తలుపు మూసెయ్యండి, గంట ఆగండి, ఎవరి వైపు చెడ్డగాలి అంకె పెరిగితే తప్పు వాళ్ళది. మా ఊరు కాలూగాలో మా వంటింటి కప్పులోంచి పైవాళ్ళ బాత్రూమ్ నీళ్ళు కారినప్పుడు కూడా ఇదే పద్ధతి, బిల్డింగు కమిటీ వాళ్ళు ముగ్గురొచ్చి పైన క్లావా అత్త ఇంట్లో నేల చూశారు, కింద మా ఇంట్లో కప్పు చూశారు, రెండుచోట్లా టీ తాగారు, మధ్యలో ఉన్న శ్లాబు ఎవరిదో ముందు తేలాలని చెప్పి వెళ్ళిపోయారు, శ్లాబు ఎవరిదో తేలేలోపు మా అమ్మ బకెట్ పెట్టింది, ఆ బకెట్ నేను కాలేజీకి వెళ్ళేదాకా అక్కడే ఉంది, ఇంటికొచ్చిన చుట్టాలకి దాన్ని కూడా చూపించేవాళ్ళం.

నాకు కోపంగా ఉంది. పొద్దున డాక్టరుతో ఈ మాటే అంటే ఆయన కిందనుంచి చాలా ఆప్యాయంగా, చెడ్డగాలి ఎక్కువైతే తలనొప్పి, చిరాకు, కారణం లేని కోపం వస్తాయి రిమ్మా అర్కాద్యెవ్నా గారూ, మీది అదే, గాలి బాగుపడితే కోపం దానంతటదే పోతుంది అన్నాడు. కారణం లేని కోపం. కారణం నా తలవెనక గోడకి కట్టి ఉంది, ప్లాస్టిక్ కవర్లో, రెండు జెండాల స్టిక్కరుతో, దాన్ని చూడకూడదని నేను అటు వీపు పెట్టుకుని తేలుతున్నాను, వీపుకి కూడా అది కనిపిస్తూనే ఉంది. కణతల దగ్గర ఎవరో బొటనవేళ్ళు పెట్టి నొక్కుతున్నట్టుంది. గ్లేబ్ బల్ల దగ్గర పాదాలు పట్టీల్లో దూర్చుకుని అయస్కాంతం చదరంగం ఆడుకుంటున్నాడు, తనతో తనే, ఓడిపోతున్నాడు కూడా. కమాండర్ కదా, ఎవరో ఒకరు కదలకుండా ఉండాలి. ఆయాసం వచ్చే పని ఏదీ చెయ్యొద్దని, వీలైతే ఊపిరి కొంచెం తక్కువ పీల్చమని కిందనుంచి ఆర్డరొచ్చింది, గ్లేబ్ దానికి కూడా అర్థమైంది అని జవాబిచ్చాడు. ఏం అర్థమైందని అడిగితే, నాకెందుకు రిమ్మా గొడవ, గంటేగా అన్నాడు.

గాలి కడిగే యంత్రం పేరు ఏదో అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా ఉంటుంది, మేం ముసలిది అంటాం, ఎందుకంటే అది రాత్రీ పగలూ గొణుగుతుంది, మధ్యమధ్య దగ్గుతుంది, ఆగుతుందేమో అనుకుంటే ఆగదు, మొదలవుతుందేమో అనుకుంటే మొదలవదు, అయినా ఇంతమంది ఊపిరి ఇన్నేళ్ళు కడిగింది. దానికి వేరే జబ్బేమీ లేదు, ఫ్యాను అరిగిపోయి ఆగింది. ఇంట్లో పాతబడ్డ ఏ ఫ్యానైనా అరుగుతుంది, ఇందులో కుట్రేం లేదు, గూఢచారి అక్కర్లేదు, శత్రుదేశం అక్కర్లేదు, చెవి ఉంటే చాలు, చెయ్యి దగ్గర పెడితే చాలు. ఫ్యాను ఆగితే ఇక్కడ ఏమవుతుందో కిందవాళ్ళకి పుస్తకంలో తెలుసు. నేల మీద వదిలిన ఊపిరి వేడిగా పైకి పోతుంది, ఇక్కడ పైనా కిందా లేవు కాబట్టి అది ఎక్కడికీ పోదు, మన మొహం ముందే కూర్చుంటుంది, పిలవని పేరంటానికొచ్చినట్టు, వదిలిందే మళ్ళీ పీలుస్తాం, మళ్ళీ వదుల్తాం. అందుకని నేను భోజనాల డబ్బా మూత అట్టముక్క పట్టుకుని విసురుకుంటున్నాను, విసిరినప్పుడల్లా ఆ ఊపుకి నేనే వెనక్కి పోతున్నాను, మళ్ళీ గోడ పట్టుకుని ముందుకొస్తున్నాను. అంతరిక్షంలోకి మనిషిని పంపిన దేశం ఆడపిల్లని నేను, అట్టముక్కతో విసురుకుంటున్నాను, గోడకి కొత్త ఫ్యాను కట్టి ఉంది.

కొత్త ఫ్యాను కథ ఏంటంటే, కిందటేడు రెండు దేశాల పెద్దలూ సూట్లు వేసుకుని కెమెరాల ముందు కరచాలనం చేసుకున్నప్పుడు, కలిసి పనిచేద్దాం, ఒకరి కష్టంలో ఒకరు అని ఇద్దరూ చెరో ఉపన్యాసం చదివాక, అమెరికా వాళ్ళు మా ముసలిదానికి సరిగ్గా పట్టే ఫ్యాను ఒకటి చేయించి కానుకగా ఇచ్చారు. మా వాళ్ళు బదులుగా టీ కాచుకునే సమోవార్ ఇచ్చారు. సమోవార్ వాళ్ళ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉందిట, ఫ్యాను ఇక్కడికొచ్చింది, రాకెట్లో, బోలెడు జాగ్రత్తగా, బుడగల ప్లాస్టిక్ లోపల మామూలు ప్లాస్టిక్, దాని లోపల పల్చటి ప్లాస్టిక్, పైన రెండు జెండాలు. నేనూ వెండెల్ దాన్ని పట్టుకుని ఫోటో దిగాం. ఫోటో అయ్యాక, బిగించమంటారా అని నేను అడిగితే, మా కిందవాళ్ళ షిఫ్టు పెద్ద వదీమ్ ఎదువార్దొవిచ్, ఇప్పుడెందుకండీ, పాతది తిరుగుతోంది కదా, దాచండి, తర్వాత పనికొస్తుంది అన్నారు. పాతది దగ్గుతోందండీ అన్నాను. దగ్గనివ్వండి. మూలగడం మొదలెట్టిందండీ అన్నాను. మూలగనివ్వండి, కొత్తది పాడైపోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం అన్నారు. వదీమ్ ఎదువార్దొవిచ్ ఆఫీసుకి నేను ఓసారి వెళ్ళాను, సోఫాకి ప్లాస్టిక్ ఉంది, కూర్చుంటే కరకరలాడుతుంది, టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ ఉంది, దానికి రబ్బరుబ్యాండు కూడా ఉంది, బటన్ల మీద అంకెలు కనపడవు కాబట్టి ఆయన ఒకటే చానల్ చూస్తారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే నా కోపం, చెడ్డమనిషైతే తిట్టుకోవడానికి ఒక మొహం ఉండేది, ఈయన అచ్చం మా అమ్మ.

మా అమ్మ బీరువాలో కప్పులున్నాయి. తెల్లగా, అంచున బంగారు గీత, పక్కన నీలం పువ్వు, ఎత్తి పట్టుకుంటే వెలుగు అవతలికి కనిపించేంత పల్చటివి. నాన్న ఫ్యాక్టరీకి జర్మనీనుంచి హోర్స్ట్ అనే ఇంజినీరు వచ్చాడు, ఆర్నెల్లు ఇద్దరూ ఒకే యంత్రం కింద పడుకుని పనిచేశారు, భాష రాదు, స్పానర్లతోనే మాట్లాడుకునేవాళ్ళు, వెళ్ళిపోయేముందు ఆయన మా ఇంటికొచ్చి, నాన్నకి ఆ కప్పులిచ్చి, ఇందులో టీ తాగు అర్కాదీ, తాగినప్పుడల్లా నన్ను తలుచుకో అన్నాడు, మాటల్లో కాదు, తాగినట్టు చూపించాడు. అమ్మ అదే సాయంత్రం వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాన్న రోజూ చెంచా నిలబడేంత చిక్కటి టీ అంచు విరిగిన మట్టిరంగు కప్పులో తాగుతూ, బీరువా వైపు చూస్తూ, ఒక్కసారి అందులో తాగనీ లీదా అనేవాడు. అతిథులొచ్చినప్పుడు తీస్తాను అనేది అమ్మ. అతిథులొస్తే, వీళ్ళకేం తెలుసు వాటి విలువ అనేది. నా పెళ్ళికి తీస్తానంది, పెళ్ళికి జనం ఎక్కువొచ్చారు, పగిలిపోతాయని తియ్యలేదు. నా విడాకులకి ఎవరూ రాలేదు, అప్పుడూ తియ్యలేదు. నేను పైకొచ్చేముందు, ఇప్పుడైనా తియ్యవే అమ్మా, తిరిగొస్తానో రానో అంటే, ఏడ్చి, ముక్కు చీది, తిరిగిరా, అప్పుడు తీస్తాను అంది. ఆదివారం ఆదివారం అమ్మకి ఇక్కడికి ఫోను కలుపుతారు, మేజోళ్ళు వేసుకున్నావా అని అడుగుతుంది, బీరువా తుడిచానని చెబుతుంది.

అంకె పెరుగుతోంది. పెరగక ఏం చేస్తుంది, ఇద్దరం ఉన్నాం, ఊపిరితిత్తులు ఆర్డర్లు వినవు. అవతల వాళ్ళ యంత్రం బాగానే తిరుగుతోంది, వాళ్ళకి పెరగదు, వాళ్ళకి నిన్నటిదాకా పెరిగిందంటే అది మాది వెళ్ళి పెరిగింది. గంటయ్యాక తప్పు మా వైపే అని తేలిపోతుంది, ఆ సంగతి మా కిందవాళ్ళకి పరీక్ష పెట్టకముందే తెలుసు, వాళ్ళు కొత్తగా పుట్టినవాళ్ళు కాదు, అందుకే రెండో మాట తయారుగా పెట్టుకున్నారు. పొద్దున వదీమ్ ఎదువార్దొవిచ్ నన్నొక్కదాన్నే లైన్లోకి పిలిచి, అమ్మాయికి సంబంధం చెబుతున్నంత మెత్తగా, గంటయ్యాక రెండు దేశాల వాళ్ళూ ఒకే లైన్లో ఉంటారండీ, మీరు ఒక్క మాట చెప్పాలి, అమెరికా సిబ్బందిలో ఒకాయన మన యంత్రంలో చెయ్యిపెట్టాడు, తర్వాత అది ఆగిపోయింది, అంతే, అన్నారు. వెండెల్ వల్ల ఆగలేదండీ అన్నాను. ఆయన వల్ల అని నేను అన్నానా, చెయ్యిపెట్టాడా లేదా? పెట్టాడు. తర్వాత ఆగిందా లేదా? ఆగింది. మరి అబద్ధం ఎక్కడుందండీ, రెండూ నిజాలే, పక్కపక్కన పెట్టండి చాలు, మిగతాది వినేవాళ్ళు చూసుకుంటారు. ఆ తర్వాత కొంచెం ఆగి, వచ్చే జట్టుకి కమాండరు పేరు ఇంకా రాయలేదండీ, మీరు గుర్తుకొచ్చారు, అని వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు.

రెండు నిజాలు పక్కపక్కన. వెండెల్ చెయ్యిపెట్టాడు, నిజమే, కెమెరాలో ఉంది. పోయిన వారం ముసలిది మరీ ఎక్కువ దగ్గుతుంటే, వాళ్ళ వైపునుంచి తల ఒక్కటే తలుపులోంచి పెట్టి, బల్లిలాగా, లోపలికి రావచ్చా అండీ అన్నాడు. వెండెల్‌కి మా భాష నేర్పిన టీచరమ్మ ఎవరో పెద్దవాళ్ళని మీరు అనాలని చెప్పిందిట, అతను అందర్నీ మీరంటాడు, నన్నూ మీరే, ముసలిదాన్నీ మీరే, నొప్పెట్టిందా అండీ మీకు, అని దాని మూత విప్పాడు. వాళ్ళ నాన్నకి అమెరికాలో టల్సా అనే ఊళ్ళో ఏసీలు బాగుచేసే షాపుట, చిన్నప్పుడు సెలవుల్లో జనం ఇళ్ళ వెనక ఏసీ డబ్బాల్లోంచి ఆకులూ, చచ్చిన కందిరీగలూ ఏరడం అతని పని. ముసలిదాని జల్లెడలోంచి బొంతలంత దుమ్ము తీశాడు, అందులో ఎక్కువ గ్లేబ్ జుట్టే, చివర ఫ్యాను మీద వేలుపెట్టి, ఇది అరిగిపోయింది రిమ్మా అర్కాద్యెవ్నా గారూ, కొత్తదుందిగా, మనం ఫోటో దిగిందీ, అది వేసెయ్యండి అన్నాడు. దాచమన్నారు అన్నాను. ఎందుకు అన్నాడు. తర్వాత పనికొస్తుందని అన్నాను. అతను కాసేపు ఆలోచించి, తర్వాతంటే ఎప్పుడండీ అన్నాడు. వెటకారం కాదు, వ్యాకరణం నేర్చుకునేవాడు అడిగినట్టే అడిగాడు. నేను గింజలు కలిపిన పెరుగుముద్ద గొట్టాలు రెండు అతని చేతిలో పెట్టాను, అదంటే వాళ్ళకి ప్రాణం, వాళ్ళ వైపు అలాంటిది దొరకదు, ఎవరి తిండి వాళ్ళే తినాలని కిందవాళ్ళు రూలు పెట్టాక అది మరీ రుచిగా ఉంటోందిట. అతను తుడిచాడు కాబట్టే ముసలిది ఇంకో వారం లాగింది. ఆ వారం మేం పీల్చిన గాలి వెండెల్ చలవ. ఇప్పుడు ఆ చేతినే పట్టుకుని, ఇదిగో దొంగచెయ్యి అని నేను చూపించాలి. చూపిస్తే వాళ్ళవాళ్ళు అతన్ని వచ్చే అంతరిక్ష ఓడలో కిందకి దింపేస్తారు, విచారణ అంటారు, పరాయి దేశం యంత్రం చెడగొట్టినవాడు అని పేరు పడుతుంది, మళ్ళీ ఎవరూ ఎక్కించరు, టల్సాలో కందిరీగలు ఏరుకోవాలి. నేను చూపించకపోతే నాకు జట్టు లేదు, ఓడ లేదు, నేనూ కాలూగాలో అమ్మ బీరువా తుడుచుకుంటాను.

తలుపు మీద టక్ టక్ అని అవతలనుంచి. వెండెల్. రోజూ టీ వేళకి అలాగే కొడతాడు, అలవాటు, ఈ గంటలో కొట్టకూడదని గుర్తులేక కొట్టినట్టున్నాడు, గుర్తొచ్చి సగంలో ఆపేశాడు. గ్లేబ్ బొమ్మ జరపబోయి చెయ్యి అలాగే ఉంచాడు. ఇద్దరం తలుపు వైపు చూశాం, ఇద్దరం చూడనట్టు తలలు తిప్పుకున్నాం. తలుపు మీద ఇటువైపు కిందటి జట్టువాళ్ళెవరో రెండు చేతులు కలిసిన బొమ్మ అంటించారు, అందులో మా చెయ్యి కొంచెం పెద్దగా ఉంటుంది, అటువైపు అదే బొమ్మలో వాళ్ళ చెయ్యి పెద్దగా ఉంటుంది.

గ్లేబ్, ఆ ఫ్యాను తీద్దామా అన్నాను. ముట్టుకోవద్దన్నారుగా అన్నాడు. కొత్తదాన్నా? రెండిటినీ, పాతది సాక్ష్యం, కొత్తది కానుక అన్నాడు. మరి మనం ఏంటి అన్నాను. అతను రాజుని ఒక గడి పక్కకి జరిపి, మనం సిబ్బంది అన్నాడు. అతని పెదాలు కొంచెం నీలంగా కనిపించాయి, నాకే అలా అనిపించిందో ఏమో, తల నొప్పితో అన్నీ అంచుల దగ్గర వణుకుతున్నాయి. గ్లేబ్‌ని తప్పుపట్టలేను, అతనికి ఇది ఆఖరి ప్రయాణం, దిగాక ఊరి బయట ఇల్లు కట్టుకుంటున్నాడు, స్నానాలగది ఇంకా కాలేదు, ఇల్లు పూర్తయ్యాక వాడతానని మంచి తువ్వాళ్ళు కొని పెట్టుకున్నాడు, వాటి రంగు కూడా నాకు చెప్పాడు. దేశమంతా ఇలాగే ఉంది, మంచివన్నీ లోపల, మనం బయట.

నాన్న ఆఖరి చలికాలం ఆసుపత్రినుంచి ఇంటికి తీసుకొచ్చేశాం, ఇక అక్కడ చేసేదేం లేదన్నారు. బీరువా ఎదురుగానే మంచం. నాన్నకీ ఊపిరి ఇలాగే అందేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది నాకు, ఈ బొటనవేళ్ళు కణతల మీద, ఈ ఛాతీ పట్టడం, ఇదే అయ్యుంటుంది. ఒక సాయంత్రం మాట స్పష్టంగా వచ్చింది, లీదా, హోర్స్ట్ కప్పులో టీ ఇవ్వు అన్నాడు. అమ్మ తాళంచెవి కోసం వెళ్ళింది, నేను చూశాను, నిజంగానే వెళ్ళింది, వంటింట్లో డబ్బా మీద చెయ్యి పెట్టింది, మళ్ళీ ఆగి, నీ చేతులు వణుకుతున్నాయి అర్కాదీ, పగలగొడతావు, కొంచెం కోలుకో, నేనే పోసిస్తాను అంది. అంచు విరిగిన కప్పులోనే పోసింది. నాన్న గొడవ పెట్టలేదు. ఆ కప్పుని చూసి, నన్ను చూసి, కన్ను కొట్టాడు. ఆ వారంలోనే పోయాడు. కర్మకి జనమొచ్చారు, పాన్‌కేకులు, తేనె, వోద్కా, అందరిళ్ళల్లో జరిగేదే, బల్లమీద నాన్న ఫోటో, ఫోటో ముందు పోయినవాళ్ళ పేరుమీద పెట్టే వోద్కా, దానిమీద మూతలా నల్లరొట్టె ముక్క. ఆ వోద్కా హోర్స్ట్ కప్పులో ఉంది. అమ్మ తాళం తీసింది, ఒక్క కప్పు దింపింది, కడిగింది, నింపింది, రొట్టె పెట్టింది, దానిముందు కూర్చుని, తాగు అర్కాదీ, తాగు, అని ఏడ్చింది. చుట్టాలందరూ అబ్బ ఎంత మంచి కప్పు అన్నారు. క్లావా అత్తయితే వేలితో అంచు తట్టి చూసింది, టింగుమంది. నేను వంటింట్లోకి వెళ్ళి అంచు విరిగిన కప్పు పట్టుకుని నిలబడ్డాను, అరవాలనిపించింది, పాన్‌కేకులు మాడుతున్నాయని ఎవరో అంటే తిప్పేశాను.

మేం ఇక్కడ పోతే ఆ ఫ్యాను తీస్తారు. నాకు బల్లగుద్దినట్టు తెలుసు, తీస్తారు, తర్వాత జట్టు వచ్చి మా ఫోటోలు పెట్టి, జెండాలు కెమెరావైపు తిప్పి, ఆ కవరు ఎంతో మర్యాదగా విప్పి, ముసలిదానికి కొత్త ఫ్యాను బిగించి, అది చల్లగా తిరుగుతుంటే రెండు దేశాల పెద్దలూ కళ్ళు తుడుచుకుంటారు, అబ్బ ఎంత మంచి ఫ్యాను అంటారు. వెండెల్ టల్సాలో టీవీలో చూస్తాడు. అట్టముక్క వదిలేశాను, అది గాల్లోనే నిలబడింది. గోడ తన్నుకుని వెనక్కి తిరిగాను, ఆ రెండు జెండాలూ సరిగ్గా నా మొహానికొచ్చాయి, కత్తెర ఎక్కడో ఉంది, నేను వెతకలేదు, పళ్ళతో పట్టుకుని చింపాను. బుడగల ప్లాస్టిక్ టపటపమంది. దాని లోపలి ప్లాస్టిక్ గోళ్ళతో, దాని లోపలి పల్చటిది ఎలా పోయిందో గుర్తులేదు, ముక్కలు జుట్టు చుట్టూ తేలుతున్నాయి. గ్లేబ్, రిమ్మా అన్నాడు. నేను వినలేదు. మళ్ళీ రిమ్మా అన్నాడు, ఈసారి గొంతు మారింది, చూస్తే చదరంగం గోడకి తగిలించి, టార్చిలైటు తెచ్చి ముసలిదాని పొట్టలోకి వెలుగు పెడుతున్నాడు. మరలు విప్పి నోట్లో పెట్టుకున్నాడు, అన్నీ నోట్లో పెట్టుకున్నాక ఎలాగూ మాట్లాడలేడు, కమాండరు ఏమీ అనలేదని తర్వాత ఎవరైనా అంటే అది కూడా నిజమే. పాత ఫ్యాను చేతిలోకొచ్చింది, రెక్కలు అంచుల దగ్గర అరిగి విరిగి, నాన్న కప్పులాగే. కొత్తది టక్కుమని కూర్చుంది, ఎక్కడో ఎవరో కొలిచి చేసినట్టు, కొలిచే చేశారు మరి, ఎవరో ఒకరు అవతల దేశంలో మా ముసలిదాని కొలతలు తీసుకుని, రాత్రుళ్ళు కూర్చుని, ఇది తిరగాలనే చేశారు, అద్దాల బీరువా కోసం కాదు. స్విచ్చి వేశాం. ముసలిది దగ్గలేదు. సన్నగా, వయసులో ఉన్నప్పుడు పాడేదేమో అలా, ఒక శబ్దం చేసింది. నా మొహం ముందు కూర్చున్న నా ఊపిరి లేచి వెళ్ళిపోయింది. చెంపమీద గాలి తగిలింది. అట్టముక్క మెల్లగా కదిలి, తిరిగి, ముసలిదాని జల్లెడ దగ్గరికి వెళ్ళి అతుక్కుంది.

గంట అయింది. లైను తెరిచారు. రెండు దేశాల కిందవాళ్ళూ నమస్కారాలు చెప్పుకున్నారు, చాలాసేపు చెప్పుకున్నారు. అంకె పెరిగి తగ్గడం ఇద్దరికీ కనపడుతోంది, తెరలమీద ఉంది, కానీ అడగడం మర్యాద కాదని ఇద్దరూ అడగలేదు. అప్పుడు వదీమ్ ఎదువార్దొవిచ్, మా ఫ్లయిట్ ఇంజినీరు రిమ్మా అర్కాద్యెవ్నా గారు జరిగినది జరిగినట్టు చెబుతారు అన్నారు, జరిగినది జరిగినట్టు అనే మాట దగ్గర కొంచెం ఒత్తారు. నేను మైకు పట్టుకున్నాను. చెయ్యి వణకలేదు, వణికితే కూడా పడదు ఇక్కడ ఏదీ.

"మా యంత్రం ఫ్యాను అరిగి ఆగిపోయింది. అమెరికా వాళ్ళు ఇచ్చిన కొత్త ఫ్యాను ఏడాదిగా నా పడక పక్కన కవర్లో ఉంది, విప్పొద్దని మా కిందవాళ్ళు చెప్పారు కాబట్టి ఉంది. వెండెల్ మా యంత్రంలో చెయ్యిపెట్టాడు, దుమ్ము తీశాడు, అందుకే ఇంకో వారం ఊపిరాడింది. ఇప్పుడే కొత్తది బిగించాం. తిరుగుతోంది. అంతే."

లైన్లో చప్పుడు లేదు. రెండు దేశాలు ఒకేసారి చప్పుడు లేకుండా ఉండటం నేను మొదటిసారి విన్నాను, ఇన్ని ఒప్పందాల్లో కుదరనిది ఇప్పుడు కుదిరింది. తర్వాత అవతల వైపునుంచి వెండెల్ గొంతు, అతని భాషలో కాదు, మా భాషలో, మా వాళ్ళకి తిన్నగా తగలాలని.

"నాకు వేరే మాట ఇచ్చారండీ చెప్పడానికి. ఆమె బలవంతంమీద చేశానని చెప్పమన్నారు. అది చెప్పను. ఆమె చెప్పిందే. ఇంకొకటి, మేం తలుపు తెరవచ్చా అండీ, టీ వేళ దాటిపోయింది."

వాళ్ళ కిందవాళ్ళు వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. మా కిందవాళ్ళు వాళ్ళలో వాళ్ళు. ఎవరో పెద్దాయన, ఏ దేశమో తెలీలేదు, పరీక్షవల్ల పరస్పర సహకారం మరోసారి రుజువైంది అని చదివాడు, ముందే రాసుకున్నట్టున్నాడు. తలుపు తెరవచ్చన్నారు. గ్లేబ్ మరలు మిగిలాయేమో అని నాలుకతో చూసుకుంటూ వెళ్ళాడు. లైను అంతా తగ్గిపోయాక, ఒక్క గొంతు మాత్రం మిగిలింది, వదీమ్ ఎదువార్దొవిచ్‌ది, కోపం లేదు అందులో, కమాండరు మాట లేదు, వచ్చే జట్టు మాట లేదు, ఇక ఎప్పటికీ ఉండదని నాకు ఆ మెత్తదనంలోనే తెలిసింది.

"రిమ్మా అర్కాద్యెవ్నా గారూ, ఆ కవరు… విప్పారా, చింపారా?"

"చింపానండీ."

ఆయన చాలాసేపు ఊపిరి వదిలారు, నేలమీద, కిటికీ ఉన్న గదిలో.

"పోన్లెండి. ఆ ముక్కలు పారెయ్యకండి. మడతపెట్టి దాచండి, తర్వాత పనికొస్తాయి."

తలుపు తెరుచుకుంది. వెండెల్ తల వచ్చింది, బల్లిలాగా, వెనక చేతిలో టీ గొట్టాలు, నన్ను దాటి ముసలిదాన్ని చూసి బాగున్నారా అండీ అన్నాడు. గాలి అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ కదిలింది, ఎవరిది ఎవరిదో మళ్ళీ కలిసిపోయింది. అంకె తగ్గుతోంది. కణతల మీద బొటనవేళ్ళు ఒకటొకటిగా లేచిపోతున్నాయి. నేను ప్లాస్టిక్ ముక్కలు ఏరుతూ, డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, తీరిగ్గా లోపల వెతుక్కున్నాను. తలనొప్పి పోయింది. ఆయాసం పోయింది. కోపం మాత్రం పెట్టినచోటే ఉంది, ఇసుమంత తగ్గలేదు. గాలివల్ల కాదన్నమాట. అది నాదే.